క్రూయిజ్‌కి చంటిపిల్లలకి కూడా పాస్‌పోర్ట్ కావాలా? మాకు ఎదురైనవన్నీ చెప్తాను

ఒంగోలు నుంచి అడిగిన అక్కకి,

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. సింగపూర్‌లో షిప్ ఎక్కి, పెనాంగ్, ఫుకెట్ చూసుకుని మళ్లీ సింగపూర్‌లోనే దిగే నాలుగు రాత్రుల క్రూయిజ్. ఆరేళ్ల పాప, ఏడాదిన్నర బాబు. మీ ఆయన కువైట్ నుంచి నేరుగా సింగపూర్ వస్తారు, మీరు పిల్లల్ని తీసుకుని చెన్నైలో విమానం ఎక్కుతారు. టెక్సాస్‌లో ఉండే మీ ఆడబిడ్డ, "చిన్నపిల్లలకి బర్త్ సర్టిఫికెట్ చాలు వదినా, మేం అట్లనే పోయొచ్చాం" అన్నారు. పాపకి పాస్‌పోర్ట్ ఉంది, బాబుకి కూడా తీయాలా, అక్కర్లేదా అని మీ సందేహం.

మీ ఆడబిడ్డ చెప్పింది అబద్ధం కాదు, కానీ అది అమెరికా పౌరులైన పిల్లలకి వర్తించే మాట. అమెరికా పౌరులు అక్కడి రేవులో ఓడ ఎక్కి, తిరిగి అదే రేవులో దిగే ప్రయాణాలకి వాళ్ల ప్రభుత్వం ఇచ్చిన వెసులుబాటు అది. పదహారేళ్ల లోపు పిల్లలైతే బర్త్ సర్టిఫికెట్ నకలు చూపించినా ఒప్పుకుంటారు. మన పిల్లలకి అలాంటిదేమీ లేదు. చంకలో బిడ్డయినా సరే, వాడి పేరున వాడికి పాస్‌పోర్ట్, వాడి పేరున వాడికి వీసా. వెనకటి రోజుల్లో తల్లి పాస్‌పోర్టులో పిల్లల పేర్లు రాసేవాళ్లు, ఇప్పుడు ఆ పద్ధతి లేదు. నీలం రంగు బాల ఆధార్ ఈ ప్రయాణానికి పనికిరాదు.

మేము నెల్లూరు వాళ్లం. 2025 డిసెంబర్‌లో ఇదే దారిలో పోయొచ్చాం. నేను, మా ఆయన, ఆరో ఏట పడిన పాప, రెండేళ్లు నిండబోతున్న బాబు. షిప్పులో ఉన్నది నాలుగు రాత్రులు. పిలకాయల కాగితాలు మాత్రం ఏప్రిల్‌లో మొదలుపెడితే నవంబర్‌కి గానీ తెమల్లేదు. అందులో సగం తిరుగుడు మాకు ముందే తెలిసుంటే తప్పేది. మీకు తప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అసలు పని పాస్‌పోర్ట్ దగ్గర మొదలు కాదక్కా, బర్త్ సర్టిఫికెట్ దగ్గర మొదలవుతుంది. 2025 ఫిబ్రవరిలో పాస్‌పోర్ట్ నిబంధనలు మార్చారు. 2023 అక్టోబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టిన వాళ్లకి పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుంటారు. మీ బాబు, మా బాబు ఇద్దరూ ఆ లెక్కలోకే వస్తారు.

ఇక్కడ మన ఇళ్లల్లో వచ్చే చిక్కు ఒకటుంది. మనం బారసాల చేసేది ఇరవయ్యొకటో రోజున. పుట్టుక నమోదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువు కూడా ఇరవై ఒక్క రోజులే. ఆసుపత్రి వాళ్లు మన బారసాల దాకా ఆగరు కదా, డిశ్చార్జ్ అయిన నాలుగు రోజులకే వివరాలు పంపేస్తారు. ఇంకేముంది, సర్టిఫికెట్‌లో బిడ్డ పేరు దగ్గర ఖాళీ. మా బాబుది సరిగ్గా అట్లనే వచ్చింది. ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి పదిహేను నెలలు తీసి చూడలేదు. పుట్టిన ఏడాది లోపల అయితే పేరు ఉచితంగా రాస్తారు. ఏడాది దాటితే ఆలస్య రుసుము కట్టాలి, పదిహేనేళ్ల దాకా రాయించుకోవచ్చు. కాబట్టి మీ బాబు కాగితంలో పేరు లేకపోయినా కంగారు పడొద్దు, కానీ ముందు ఆ పని కానివ్వండి.

పేరు లేకపోవడం ఒక ఎత్తయితే, నా పేరు ఇంకో ఎత్తు. నా పేరు చివర లక్ష్మి ఉంది. నా పాస్‌పోర్టులో దాన్ని కె, ఎస్, హెచ్ వేసి రాశారు. ఆసుపత్రి కౌంటర్లో ఎవరో ఎక్స్ వేసి టైపు చేశారు. సర్టిఫికెట్‌లో తెలుగు వరస చూస్తే తప్పేమీ కనపడదు, లక్ష్మి లక్ష్మే. తిరకాసంతా కింద ఇంగ్లీషు వరసలో ఉంది. ఒక రాత్రి పిలకాయలు పడుకున్నాక భోజనాల బల్ల మీద నా పాస్‌పోర్టు, ఆ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి చదివితే గానీ బయటపడలేదు. మీరూ ఈ రాత్రికి అట్లా ఒకసారి చూడండి. తెలుగులో చదవొద్దు, ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటి పలుకుతూ చదవండి. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఊరు.

సవరణకి మా వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాం. నా పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, నోటరీ అఫిడవిట్ ఇచ్చాం. పేరు చేర్చడం, అక్షరం సరిచేయడం రెండూ కలిపి మాకు ఆరు వారాలు పట్టింది. ఆ ఆరు వారాలూ పాస్‌పోర్ట్ అర్జీ ముట్టుకోలేదు. తప్పుడు కాగితంతో పోతే వెనక్కి పంపేవాళ్లు, ఇంకో స్లాట్ కోసం కూర్చోవాల్సి వచ్చేది.

తర్వాత ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అది కూడా ఒక్క అక్షరంతో. పాస్‌పోర్టులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా రాయాలి. సర్‌నేమ్ అన్న గడిలో ఇంటిపేరు, గివెన్ నేమ్ అన్న గడిలో పెట్టిన పేరు. ఆ మొదటి గడి ఖాళీ వదలకండి. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లని యుఏఈ 2022 నవంబర్ నుంచి ఒప్పుకోవడం లేదు. మీ ఆయన గల్ఫ్‌లో ఉన్నారు కాబట్టి రేపు పిల్లలు ఆ దారిన పోవాల్సి వస్తే అప్పుడు ఇబ్బంది. ఇద్దరు పిల్లలకీ తండ్రి పాస్‌పోర్టులో ఎట్లా ఉందో అట్లనే ఇంటిపేరు పెట్టించండి. మా క్రూయిజ్ బుక్ చేసిన ఏజెంటు స్కూలు ఐడీ కార్డు చూసి పాప ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం కొట్టాడు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్ మీద పేరు ఒకటే ఉండాలి, పట్టుబట్టి మార్పించాం. బుకింగ్ వచ్చిన రోజే తెరిచి చూడబట్టి సరిపోయింది.

నాలుగేళ్ల లోపు పిల్లల ఫోటో మనమే తీసుకుపోవాలి, 35 బై 45 మిల్లీమీటర్లు, తెల్లటి వెనక తెర. పెద్దవాళ్లకయితే పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే తీస్తారు. మా బాబుని ట్రంకు రోడ్డులో స్టూడియోకి ఎత్తుకెళ్లాం. స్టూలు మీద కూర్చోబెడితే కూర్చోడు, నేను పట్టుకుంటే నా చెయ్యి ఫోటోలో పడుతుంది. చివరికి స్టూడియో అబ్బాయి నేల మీద తెల్ల దుప్పటి పరిచి, బాబుని దాని మీద వెల్లకిలా పడుకోబెట్టి, తను చిన్న ఎత్తుపీట మీద నిలబడి పైనుంచి తీశాడు. మా పాప కెమెరా పక్కన తాళాల గుత్తి ఆడిస్తూ నిలబడింది. కళ్లు తెరిచి, నోరు మూసి, ఇటు తిరిగింది ఒక్కటంటే ఒక్క ఫోటో వచ్చింది. నిద్ర, పాలు అయ్యాక పొండి, మధ్యాహ్నం పూట పోవద్దు.

అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టి, డబ్బు కట్టి, స్లాట్ తీసుకుని నెల్లూరు హెడ్ పోస్టాఫీసులో ఉండే పాస్‌పోర్ట్ సేవా కేంద్రానికి పోయాం. బిడ్డని కూడా తీసుకుపోవాలి, కాగితాలు ఒక్కటే పంపితే కుదరదు. పిల్లల పాస్‌పోర్టుకి వెయ్యి రూపాయలు, ఎనిమిదేళ్ల లోపు వాళ్లు కొత్తగా తీసుకుంటే అందులో పది శాతం తగ్గిస్తారు, బాబుకి 900 కట్టాం. తత్కాల్ అయితే పైన రెండు వేలు. తల్లీతండ్రీ ఇద్దరూ సంతకం పెట్టే అనెక్చర్ డి అనే పత్రం ఉంటుంది, మామూలు తెల్ల కాగితం మీద చాలు, నోటరీ అక్కర్లేదు. మా ఇద్దరి పాస్‌పోర్టుల్లో భర్త పేరు, భార్య పేరు ఎక్కించి ఉన్నాయి కాబట్టి పిలకాయలకి పోలీసు విచారణ రాలేదు.

మీ సంగతిలో తేడా మీ ఆయన ఇక్కడ లేకపోవడం. మా తోటికోడలిది కూడా ఇదే పరిస్థితి, మా మరిది కువైట్‌లోనే ఉంటాడు. అతను అక్కడి మన రాయబార కార్యాలయంలో పిల్లల పాస్‌పోర్టుకి తన సమ్మతి అని అఫిడవిట్ రాసి, వాళ్ల ధ్రువీకరణ ముద్ర వేయించి, ఊరికొచ్చే మనిషి చేత పంపించాడు. ఇక్కడ తను అనెక్చర్ డి మీద సంతకం పెట్టి రెండూ కలిపి ఇచ్చింది. ఒక్క పూటలో పని అయిపోయింది. ఆ మనిషి కోసం ఎదురుచూడటమే మూడు వారాలు.

మీ పాప పాస్‌పోర్ట్ ఉంది అన్నారు, గడువు ఎప్పటిదాకా ఉందో రాయలేదు. దయచేసి ఇప్పుడే తీసి చూడండి. పిల్లలకి ఐదేళ్లకే ఇస్తారు. మా పాపకి 2021 మార్చిలో తీశాం, 2026 మార్చి దాకా ఉంది కదా, డిసెంబర్ ప్రయాణానికి సరిపోతుందిలే అనుకున్నాం. సరిపోదు. సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ మూడింటికీ కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. దాంతో బాబుతోపాటే పాపకి కూడా రీఇష్యూ, అంటే పాతదాని బదులు కొత్త పాస్‌పోర్ట్ కోసం, అర్జీ పెట్టాం. అప్పటికే క్రూయిజ్ బుకింగ్‌లో పాత నంబరు ఇచ్చి ఉన్నాం, దాన్ని కొత్తది చేయించుకున్నాం. వీసా మాత్రం అదృష్టంకొద్దీ అప్పటికి పెట్టలేదు. వీసా ఆ పాస్‌పోర్ట్ నంబరు మీదే వస్తుంది, కాబట్టి కొత్త పాస్‌పోర్ట్ చేతికి వచ్చేదాకా వీసా అర్జీ పెట్టకండి.

వీసా సంగతికొస్తే, సింగపూర్‌ది తప్పనిసరి, అధీకృత ఏజెంట్ల ద్వారా పెట్టాలి. ఫారం 14ఎ అనే వీసా అర్జీ మనిషికొకటి, పిల్లలకి కూడా విడివిడిగా. ప్రాసెసింగ్ రుసుము 30 సింగపూర్ డాలర్లు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఏజెంటు పైన తన చార్జీ వేసుకుంటాడు. ఇందులో ఒక్కటి మర్చిపోవద్దు. మీరు షిప్ ఎక్కితే సింగపూర్ వదిలి వెళ్లినట్టే. నాలుగో రాత్రి తర్వాత దిగేటప్పుడు అది రెండోసారి ప్రవేశం కింద లెక్క. అందుకని వీసా వచ్చాక నలుగురిదీ తెరిచి మల్టిపుల్ అని, అంటే ఒకటికంటే ఎక్కువసార్లు ప్రవేశించొచ్చని, ఉందా లేదా చూసుకోండి, పిల్లలది కూడా. మలేషియాకి 2023 డిసెంబర్ 1 నుంచి మనకి 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు, ఆ సడలింపు 2026 డిసెంబర్ 31 దాకా ఉంది. థాయ్‌లాండ్‌కి మేం పోయినప్పుడు వీసా లేకుండానే దిగాం.

ఇవి కాక అరైవల్ కార్డులు, అంటే ఆ దేశంలో దిగేముందు మన వివరాలు నింపి ఇచ్చేవి. సింగపూర్‌ది దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు. పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. షిప్ దిగి వచ్చేటప్పుడు మళ్లీ నింపాం. మలేషియా, థాయ్‌లాండ్‌లకి కూడా డిజిటల్ కార్డులు ఉన్నాయి, థాయ్‌లాండ్‌ది 2025 మే 1 నుంచి వచ్చింది. షిప్ వాళ్లు పంపే మెయిల్‌లో ఏది ఎప్పుడు నింపాలో రాసి ఉంటుంది, దాని ప్రకారం పోండి. పిల్లలవి మర్చిపోకుండా నాలుగు చొప్పున లెక్క పెట్టుకోండి.

చెన్నైలో మీరు ఒక్కరే పిల్లలతో ఉంటారు కాబట్టి మీ ఆయన చేత సమ్మతి లేఖ కూడా రాయించండి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ తేదీల్లో, పిల్లల పాస్‌పోర్ట్ నంబర్లు, ఆయన ఫోన్ నంబరు, సంతకం, వెనక ఆయన పాస్‌పోర్ట్ నకలు. అడగకపోవచ్చు, అడిగితే మాత్రం మీ చేతిలో ఉండాలి. తాతయ్యో అమ్మమ్మో తల్లిదండ్రులు లేకుండా మనవళ్లని తీసుకుపోయేటప్పుడు క్రూయిజ్ కంపెనీలు ఈ లేఖ నోటరీ చేయించింది కావాలంటాయి. చెన్నైలో ఇమిగ్రేషన్ ఆయన మా పాప వైపు వంగి "ఉన్ పేరెన్న?" అని అరవంలో పేరు అడిగాడు. అది ఇంటిపేరుతో సహా గట్టిగా చెప్పింది. మీ పాపకి కూడా పాస్‌పోర్టులో ఉన్న పూర్తి పేరు నేర్పించండి, ఇంట్లో పిలిచే ముద్దుపేరు చెప్తే ఆయన మళ్లీ అడుగుతాడు.

మెరీనా బే క్రూయిజ్ సెంటర్లో చెక్-ఇన్ దగ్గర మా పాస్‌పోర్టులు నాలుగూ తీసుకుని చివరి రోజు ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ నా సంచీలో నకళ్లు, ఫోన్‌లో ఫోటోలు ఉంచుకున్నాను. బర్త్ సర్టిఫికెట్ల ఒరిజినల్స్ కూడా వెంట తీసుకుపోయాం, బాబుకి తల్లిని నేనేనని చూపించేది ఆ కాగితమే కదా.

మీ పిన్ని కూతురు నాలుగు నెలల బిడ్డతో రావాలనుకుంటోంది అన్నారు. ఆమె బుక్ చేయకముందే చెప్పండి. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీలో షిప్ బయల్దేరే రోజుకి బిడ్డకి ఆరు నెలలు నిండి ఉండాలి. సముద్రంలోనే వరసగా మూడు రోజులు అంతకుమించి ఉండే ప్రయాణాలకి ఏడాది నిండాలి. పాస్‌పోర్ట్ ఉన్నా వయసు చాలకపోతే ఎక్కనివ్వరు.

మీకు టైము తక్కువ ఉంది కాబట్టి బర్త్ సర్టిఫికెట్ చూడటం, కువైట్ అఫిడవిట్ ఒకేసారి మొదలుపెట్టండి. అక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఈ రోజే మీ ఆయనకి ఫోన్ చేస్తే ఆదివారం పోయి కనుక్కుంటారు. అఫిడవిట్‌లో పిల్లల పేర్లు ఎట్లా రాయాలో ఇంగ్లీషులో టైపు చేసి మీరే వాట్సాప్‌లో పంపండి, ఫోన్లో చెప్పొద్దు.