10,000 అడుగులు దాటాక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. విమానం ల్యాండింగ్‌కు దిగుతూ ఉంటుంది, కో-పైలట్ పక్క సీట్లోని, సమ్మెనాడు పనిలోకి వెళ్లిన కెప్టెన్ కాలర్ పట్టుకుని "ద్రోహీ" అని అరుస్తాడు. హ్యూస్టన్‌లో ఉంటూ, ఆ ఊళ్లోనే నడిచిన 1983 నాటి కాంటినెంటల్ విమాన సంస్థ పైలట్ల సమ్మె మీద రాస్తూ, ఇంత తేలికైన సన్నివేశం ఎలా రాయబుద్ధయింది నీకు?

అమెరికాలో 1981 నుంచి ఒక నిబంధన ఉంది. విమానం నేలమీద కదులుతున్నప్పుడూ, 10,000 అడుగుల లోపు ఎక్కుతూ దిగుతూ ఉన్నప్పుడూ కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఒక్కటీ రాకూడదు. స్టెరైల్ కాక్‌పిట్ అంటారు. కాబట్టి ల్యాండింగ్ దగ్గర మిత్రులైనా శత్రువులైనా ఒకేలా ఉంటారు. తేడా తెలిసేది పైకెళ్లాకే. 10,000 దాటగానే మామూలు పైలట్లు పిల్లల చదువులూ, ఇంటి అప్పులూ, వచ్చే నెల డ్యూటీలూ మొదలుపెడతారు. పక్కన కూర్చున్నది స్కాబ్ అయితే, అంటే తోటివాళ్లు సమ్మెలో ఉండగా పనిచేసినవాడైతే, అక్కడ నోరు పెగలదు. నాలుగు గంటల ప్రయాణమైతే నాలుగు గంటలూ అంతే. పని మాటలు మాత్రం అక్షరం పొల్లుపోవు. ఒకరు "పాజిటివ్ రేట్" (విమానం పైకెక్కుతోంది) అంటే రెండోవారు "గేర్ అప్" (చక్రాలు లోపలికి) అనాల్సిందే. చెక్‌లిస్టులో ప్రతి ప్రశ్నకూ జవాబు రావాల్సిందే. కంట్రోలర్ కొత్త ఎత్తు చెబితే ఒకరు ఆ అంకె పెడతారు, ఇద్దరూ దానివైపు వేలు చూపించి పైకి చదువుతారు. ఏళ్ల తరబడి ముఖం చూసుకోని ఇద్దరి వేళ్లు ఒకే అంకె మీద. నీ కథ అక్కడ ఉంది నాయనా. కాలర్ దగ్గర వెతికావు.

మనుషుల మధ్య పగ రాయాలంటే వాళ్లు కలిసి చేసే పని రాయాలి. నేను ఎవరికి ఉత్తరం రాసినా ఇదే చెబుతాను, విసుగు పుట్టినా మళ్లీ చెబుతాను. "సాంకేతిక వివరాలు తగ్గించండి, పాఠకుడికి పట్టవు" అనే సంపాదకులు మన కథకు చేసిన చెరుపు ఇంతా అంతా కాదు. ఆ మాట విని విని పాత్రలకు ఉద్యోగాలే లేకుండా పోయాయి. కిటికీ దగ్గర నిలబడి మూడు పేజీలు అంతర్మథనం చేస్తారు, పోటీలో బహుమతి వస్తుంది.

రెండో తప్పు మొదటిదానికంటే పెద్దది. కెప్టెన్ పొరపాటున తక్కువ ఎత్తు పెడితే కో-పైలట్ కక్షకొద్దీ చెప్పకుండా ఊరుకున్నాడని రాశావు. 1978 డిసెంబర్ 28న అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ సంస్థ ఫ్లైట్ 173 ఇంధనం అయిపోయి కూలింది. పదిమంది పోయారు. కెప్టెన్ ల్యాండింగ్ గేర్ గొడవలో మునిగిపోయాడు, తక్కినవాళ్లు ఇంధనం సంగతి గట్టిగా చెప్పలేకపోయారు. ఆ తర్వాతే, చూసింది చూసినట్టు పైకి చెప్పడాన్ని పైలట్లకు శిక్షణలో నూరిపోయడం మొదలైంది. స్కాబ్‌తో మాట్లాడనివాడి గర్వమంతా, తన పనిలో వేలెత్తి చూపే చోటు ఉండకూడదన్నదే. నీ కో-పైలట్ వెంటనే "ఆల్టిట్యూడ్" అంటాడు. కెప్టెన్ సరిచేస్తాడు. థాంక్స్ చెబుతాడా? చెబితే ఇతను ఏమంటాడు? అది రాయి.

లెక్కలు కూడా చూసుకో. నీ కెప్టెన్‌కు సమ్మెనాటికి 45 ఏళ్లు, కథ నడిచేది 2015లో. అంటే 77. పదవీ విరమణ 2007 డిసెంబర్ దాకా 60కి, ఆ తర్వాత 65కి. సమ్మెనాటికి ముప్ఫై చెయ్యి, 62 అవుతాడు. గడ్డం తీసెయ్. ఆక్సిజన్ మాస్కు ముఖానికి బిగుతుగా అతుక్కోవాలని అక్కడి పెద్ద సంస్థలు గడ్డం పెంచనివ్వవు. "సమ్మె విచ్ఛిన్నకుడు" అన్న తీర్మానాల భాషా వద్దు. వాళ్ల నోట ఉన్నది "స్కాబ్". అదే ఉంచు.

2019 ఆర్టీసీ సమ్మె దృష్టిలో పెట్టుకుని రాసినట్టున్నావు. అక్కడ బస్సులు నడిపింది చాలావరకు తాత్కాలిక డ్రైవర్లు. సమ్మె ముగిశాక వాళ్లు వెళ్లిపోయారు. విమాన సంస్థలో సమ్మె గీత దాటి పనిచేసినవాడు ఎక్కడికీ పోడు. ఏ విమానం, ఏ ఊరు, ఏ సెలవు, ఎప్పుడు కెప్టెన్ అన్నీ సీనియారిటీ నంబరే తేలుస్తుంది. సంస్థ మారితే అడుగునుంచి మొదలుపెట్టాలి. అందుకే ఇద్దరూ అక్కడే, ముప్ఫై ఏళ్లు.

అసలు బరువు నువ్వు తాకనే లేదు. 1983 ఆగస్టులో కాంటినెంటల్ మెకానిక్కులు సమ్మె చేస్తే పైలట్లు వాళ్ల పికెట్ లైన్, అంటే సమ్మెవాళ్లు నిలబడ్డ వరుస, దాటి విమానాలు నడిపారు. సెప్టెంబర్ 24న ఫ్రాంక్ లోరెంజో యాజమాన్యం దివాలా పిటిషన్ వేసి, ఒప్పందాలు పక్కన పెట్టి, జీతాలు సగానికి కోసింది. అక్టోబర్ 1న పైలట్లు సమ్మెకు దిగారు. రెండేళ్లకు పైగా సాగింది. ఈలోగా లోపల ఉన్నవాళ్లు, కొత్తగా చేరినవాళ్లు విమానాలు నడుపుతూనే ఉన్నారు. సమ్మె నుంచి తిరిగొచ్చినవాడు వాళ్ల పక్కనే కూర్చోవాలి. మరి అతన్ని ఆగస్టులో గీత దాటిన మనిషిగా చూసే మెకానిక్కు ఒకడు, విమానం కింద టైరు చూస్తూ ఉండడా? నీ కో-పైలట్ తండ్రి సమ్మె వీరుడన్నావు. ఆగస్టులో ఆ తండ్రి ఏం చేశాడు? కొడుకుకు తెలుసా? 1985లో యునైటెడ్ పైలట్లు 29 రోజులు సమ్మె చేసింది ఇంకా ఉద్యోగంలో చేరని కొత్తవాళ్ల తక్కువ జీతాలకు వ్యతిరేకంగా. వందలాది శిక్షణార్థులు కూడా గీత దాటలేదు. 2010లో యునైటెడ్, కాంటినెంటల్ కలిసిపోయాయి. ఆ రెండు జ్ఞాపకాలూ ఒకే సంస్థలోకి వచ్చాయి. నువ్వు 2015 ఎంచుకోవడం మంచిదయింది, ఎందుకు మంచిదో కథకు తెలియాలి.

శిక్ష చూపించాలంటే జంప్‌సీట్ చూపించు. చాలామంది పైలట్లు ఒక ఊళ్లో ఉంటూ ఇంకో ఊరినుంచి డ్యూటీ చేస్తారు. డ్యూటీకి పోయే విమానం నిండిపోతే కాక్‌పిట్‌లోని మడత సీటే ఆధారం. అందులో ఎవరిని ఎక్కించుకోవాలో కెప్టెన్ ఇష్టం. ఫ్లైట్ బ్యాగులో స్కాబ్‌ల పేర్ల జాబితా పెట్టుకు తిరిగినవాళ్లు ఉన్నారు. గుర్తింపు కార్డు తీసుకుని, జాబితాలో వేలు కిందికి జరిపి, కార్డు తిరిగిచ్చేస్తారు. ఆఖరి విమానం అదే అయితే ఆ మనిషి ఆ రాత్రి ఎయిర్‌పోర్టులోనే.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు తిరగరాయి.

నాలుగో పేజీలో కెప్టెన్ రెండు కాఫీలు తెప్పిస్తాడు, ఒకటి దిగేవరకూ మూత తీయకుండానే చల్లారిపోతుంది. ఆ వాక్యం దగ్గర ఆగిపోయి, కథ మళ్లీ మొదటినుంచి చదివాను. దాన్ని కదపకు. దాని వెనకాల "అతని మౌనంలో ముప్ఫై ఏళ్ల పగ ఉంది" అని రాసిన వాక్యం మాత్రం కొట్టెయ్.