తుప్పు మీద రబ్బరు కోటింగ్ కొట్టించొచ్చా?

ప్రశ్న: మా ట్రాక్టర్ ట్రాలీలో యూరియా, పొటాష్ బస్తాలు, వడ్లు వేస్తాం. అడుగు రేకు కింద, చానళ్ల మూలల్లో తుప్పు పెచ్చులుగా లేస్తోంది. షెడ్డులో నల్ల రబ్బరు కోటింగ్ కొడితే చాలంటున్నారు. రెడ్ ఆక్సైడ్ మేలా, అదే మేలా?
– ఒక రైతు, నర్సంపేట

జవాబు: తుప్పు ఉండగా రబ్బరు కోటింగ్ వద్దు. పైకి నున్నగానే ఉంటుంది గానీ, పగుళ్లలోంచి దూరిన నీళ్లు బయటికి పోలేక రేకును లోలోపల తినేస్తాయి. పైగా పొటాష్‌లోని క్లోరైడు తుప్పు గుంతల్లో దిగుతుంది, బ్రష్‌తో రుద్దితే పోదు. కాబట్టి ముందు ప్రెషర్‌తో నీళ్లు కొట్టి బాగా ఆరబెట్టండి. గ్రైండర్‌కు వైర్ కప్ బ్రష్ పెట్టి పెచ్చులు లేపి, 80 నంబరు ఎమెరీతో గరుకు చేయండి. మరీ నునుపైన ఇనుమును ప్రైమర్ పట్టదు. గుంతల్లో రస్ట్ కన్వర్టర్ (తుప్పును గట్టి పొరగా మార్చే ఆసిడ్ ద్రావణం) రాస్తే, మిగిలిన ఆసిడ్‌ను తడిగుడ్డతో పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి. లేదంటే ఆపైన వేసే ఎపాక్సీ ప్రైమర్ గట్టిపడక జిగటగా ఉండిపోతుంది.

ఇనుముకు తగిలే మొదటి పొరగా ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయండి. ఇది రెండు డబ్బాల్లో వస్తుంది, ఒకదాంట్లో ప్రైమర్, ఇంకోదాంట్లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్. హార్డెనర్ కొలత డబ్బా మీద ఉన్నట్టే కలపాలి, అందాజుగా కాదు. వెల్డింగ్ అతుకులు, అంచులకు ముందు బ్రష్‌తో విడిగా ఒక పూత, ఆపైన మొత్తానికి రెండు కోట్లు. 10×6 అడుగుల ట్రాలీకి కింది వైపు చానళ్లతో కలిపి 100 చదరపు అడుగులు అనుకుంటే 3 లీటర్ల దాకా పడుతుంది. అది గట్టిపడ్డాక రబ్బరు కోటింగ్ కొట్టించుకోండి. రాళ్ల దెబ్బకు అది మంచిదే. నీళ్లు పోయే రంధ్రాలు, గ్రీజు నిపుల్స్, బ్రేకుల మీద మాత్రం పడనివ్వొద్దు. బాక్సు చానళ్ల లోపలికి మైనం రకం స్ప్రే మేలు.

రెడ్ ఆక్సైడ్ చవక. ఏటా గీకి మళ్లీ వేసుకునే ఓపిక ఉంటే సరే. దాని మీద ఎపాక్సీ వేస్తే మాత్రం ముడతలు లేస్తాయి. వానాకాలం పొద్దున్నే మంచుతడి మీద, ఎండాకాలం మధ్యాహ్నం కాలే రేకు మీద ఏ పెయింటూ వేయకండి. పాత ఇంజిన్ ఆయిల్ పూయడమంటారా, దుమ్ము పడుతుంది, తర్వాత పెయింటూ అంటదు.

ప్రశ్న: బైకు సైలెన్సర్‌కు ఎపాక్సీ ప్రైమర్ వేయొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: వద్దు, వేడికి మాడి రాలుతుంది. గీకిన ఇనుము మీద నేరుగా, ప్రైమర్ లేకుండా, 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ అల్యూమినియం పెయింట్ రెండు పల్చటి కోట్లు వేయండి. మందంగా వేస్తే బొబ్బలొస్తాయి. అది పూర్తిగా గట్టిపడేది వేడికే. ఆరాక ఇంజిన్‌ను మొదట కాసేపే నడిపి ఆపి, మెల్లగా వేడెక్కనివ్వండి.