ఆ రికార్డు పుస్తకం అడిగి చూడు

చిట్టితల్లీ,

సైకాలజీ డిగ్రీకి ఎక్కడ చేరాలని అడుగుతూ నువ్వు పంపిన నాలుగు యూనివర్సిటీల లింకులూ చూశాను. నాలుగింటిలోనూ మొదటి పేజీలో ఒకటే బొమ్మ, తలలో చక్రాలు తిరుగుతున్న మనిషి. ఆ బొమ్మ పెట్టని సైకాలజీ డిపార్ట్‌మెంట్ ఎక్కడైనా ఉంటే కళ్లు మూసుకుని చేరిపొమ్మందును! ర్యాంకులు, హాస్టల్ ఫోటోలు కాసేపు పక్కన పెట్టు. నేనైతే ముందు ఒకటే చూస్తాను. అక్కడ పిల్లల చేత నిజంగా కొలిపిస్తారా, కొలిచినట్టు రాయిస్తారా?

నేను డిగ్రీ చదివిన చోట ల్యాబ్‌కి ఎప్పుడూ తాళమే. రికార్డులు మాత్రం ఏటా నిండేవి. సీనియర్ల రికార్డు మాకొచ్చేది, మాది జూనియర్లకు వెళ్లేది. అందులో అద్దంలో చూస్తూ నక్షత్రం గీసే ప్రయోగం ఒకటి ఉంది. మొదటిసారి 94 సెకన్లు, 17 తప్పులు. నా రికార్డులోనూ అంతే, నాకంటే రెండేళ్లు ముందున్న వాళ్ల రికార్డులోనూ అంతే. సంతకం పెట్టే మాస్టారికి ఎప్పుడూ అనుమానం రాలేదు, లేదా వచ్చినా తలెత్తలేదు.

ఆ నక్షత్రాన్ని నేను నిజంగా గీసింది పీజీలో, వేరే ఊళ్లో. చెయ్యి కనబడకుండా అడ్డం పెడతారు. అద్దంలో మాత్రమే చూస్తూ రెండు గీతల మధ్య పెన్సిల్ నడపాలి. మొదటి మలుపు దగ్గరే చెయ్యి మొరాయించింది. పైకి పోనిద్దామంటే కిందికి లాగుతుంది. పక్కన స్టాప్‌వాచ్ పట్టుకున్న అమ్మాయి నవ్వాపుకోలేక టైమ్ నొక్కడం మర్చిపోయింది. పదోసారికి చెయ్యి దారికొచ్చింది, ఎలా వచ్చిందో నాకే తెలియదు. జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేసిన బ్రెండా మిల్నర్ ఇదే పనిని హెన్రీ మొలైసన్ అనే రోగి చేత చేయించింది. మూర్ఛలు తగ్గడానికి 1953లో మెదడుకు ఆపరేషన్ చేశాక అతనికి కొత్త జ్ఞాపకాలు నిలిచేవి కావు. రోజురోజుకీ నక్షత్రం బాగా గీస్తున్నాడు, కానీ నిన్న గీసిన సంగతే గుర్తులేదు. చేతికి గుర్తుండడం వేరు, మనిషికి గుర్తుండడం వేరు అని అలా తేలింది. నేను దీన్ని డిగ్రీలోనే బట్టీపట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పెన్సిల్ మొరాయించేదాకా తలకెక్కలేదు.

అందుకే డిపార్ట్‌మెంట్ చూడ్డానికి వెళ్లినప్పుడు రెండో సంవత్సరం పిల్లల్ని బతిమాలి ఇద్దరి రికార్డులు పక్కపక్కన పెట్టి చూడు. అంకెలు వేరువేరుగా ఉండి, కొట్టివేతలు ఉండి, 'ఊహించిన ఫలితం రాలేదు' అని ఎవరైనా రాసుకుని ఉంటే అది మంచి చోటు.

లెక్కలు తక్కువున్న కోర్సు కోసం వెతుకుతున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దమ్మా. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వుంట్ అనే శాస్త్రవేత్త 1879లో సైకాలజీ ల్యాబ్ పెట్టినప్పటి నుంచీ ఇది కొలతల శాస్త్రమే. స్టాటిస్టిక్స్, పరిశోధన పద్ధతులు ఒక్క సెమిస్టర్‌లో తేల్చేసే సిలబస్ అయితే అనుమానించు. ఏటా కొంచెం కొంచెంగా, గణాంకాల లెక్కలు చేసే ఆర్ (R) లాంటి సాఫ్ట్‌వేర్ మీద చేయించి, చివర్లో ఎవరి ప్రాజెక్టు వాళ్ల చేత చేయిస్తే నీ టెన్షన్ దానంతటదే తగ్గుతుంది. నాకూ లెక్కలంటే భయమే, ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పాను!

టీచర్లను ఒక మాట అడుగు. సైకాలజీలో పేరున్న పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకాల లెక్కన నిలబడ్డవి 36 శాతమేనని 2015లో ఒక పెద్ద బృందం ప్రకటించింది. దీని గురించి మీ క్లాసులో చెబుతారా అని అడుగు. ఉత్సాహంగా కుర్చీ ముందుకు లాక్కుంటే ఒక లెక్క, 'అదంతా సిలబస్‌లో లేదు' అంటే ఇంకో లెక్క.

ఇక డిగ్రీ తర్వాత సంగతి. దీని దగ్గరే చాలామంది దెబ్బతింటారు. మూడు నాలుగేళ్ల డిగ్రీ చేతికి రాగానే సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవడం చాలా దేశాల్లో కుదరదు. ఆ పైన పీజీయో డాక్టరేటో, పర్యవేక్షణలో ప్రాక్టీసు, రిజిస్ట్రేషన్ ఉంటాయి. దేశాన్ని బట్టి రూల్ మారుతుంది. బ్రిటన్‌లో బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ డిగ్రీ కోర్సులకు కూడా గుర్తింపు ఇస్తుంది, అక్కడ అది లేని డిగ్రీతో పై చదువుకు వెళ్లేటప్పుడు చిక్కొస్తుంది. అమెరికాలో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ డిగ్రీ కోర్సుకు గుర్తింపే ఇవ్వదు, కాబట్టి అక్కడి డిగ్రీకి ఆ ముద్ర ఉందని ఎవరైనా ఊదరగొడితే నమ్మకు. భారత్‌లో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదవ్వాలి. నువ్వు ఎక్కడ పనిచేద్దామనుకుంటున్నావో ఆ చోటి రూల్ ముందు చదివి, అక్కడి నుంచి వెనక్కి వస్తూ డిగ్రీని ఎంచుకో. 'ఫోరెన్సిక్ సైకాలజీ' (నేరాలు, కోర్టులకు సంబంధించిన సైకాలజీ) అని డిగ్రీకే పేరు పెట్టిన కోర్సుల దగ్గర మరీ జాగ్రత్త. పేరు ఆకర్షణీయంగా ఉంటుంది, లోపల మౌలికమైన పేపర్లు కోసేసి ఉండొచ్చు. ప్రత్యేకత పీజీలో తీరిగ్గా తెచ్చుకోవచ్చు.

బీఏనా బీఎస్సీనా అని తల బద్దలుకొట్టుకోకు, లోపలి పేపర్లే చూడు. దూరవిద్య అయితే ల్యాబ్ ఎక్కడ, ఎన్ని రోజులు అని తప్పకుండా అడుగు. మందులు రాయాలనే కోరిక ఉంటే అది సైకియాట్రీ, వైద్యవిద్య దారి, ఇప్పుడే తేల్చుకో.

ఇంకోటి, అడగకపోయినా చెబుతున్నాను. నా క్లాసులో ఏటా కొందరు తమ బాధ తాము అర్థం చేసుకోవడానికే చేరేవారు. అందులో తప్పేం లేదు. కానీ సిలబస్ చికిత్స కాదు, పరీక్షల నెలలో అసలే కాదు. విద్యార్థుల కోసం కౌన్సెలర్ ఉన్నారా, అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతుంది అని కూడా నీ నోట్‌బుక్‌లో రాసుకో. నీకు అక్కర్లేకపోవచ్చు, పక్క బెంచీ పిల్లకు కావచ్చు.

నువ్వు పంపిన వాటిలో రెండోదీ నాలుగోదీ పూర్తి సిలబస్ పెట్టాయి, మిగతా రెండూ పెట్టలేదు. పెట్టనివాళ్లకు మెయిల్ రాసి తెప్పించు. ఎన్ని రోజులకు జవాబిస్తారో తేదీ వేసుకో. అన్నీ వచ్చాక స్టాటిస్టిక్స్, ప్రాక్టికల్స్ ఉన్న చోటల్లా ఎర్ర పెన్నుతో గీతలు గీసి నాకు పంపించు, ఇద్దరం ఫోన్‌లో కూర్చుని చూద్దాం. ఆదివారం అయితే నేను ఖాళీయే.

ఆశీస్సులతో,
పెద్దమ్మ