పాత పట్టుతో కుట్టిన లంగా వద్దంటే అడ్వాన్స్ వెనక్కి ఇచ్చేయాలా?

ప్రశ్న: లాయరు గారూ, మాది ఒడిశాలోని బరంపురం. పాత పట్టుచీరలు, పాత జరీ అంచులు, లేసులు కొని ఆర్డర్ మీద ఇంట్లోనే లంగా ఓణీలు, గౌన్లు కుడతాను. ఆంధ్రాలోని ఇచ్ఛాపురం నుంచి ఒకావిడ కూతురి కొలతలు వాట్సాప్‌లో పంపి, 9,000 రూపాయల లంగాకి 4,000 అడ్వాన్స్ ఇచ్చారు. తీరా కుట్టాక జరీ నల్లబడింది, మరక ఉంది, వద్దు, డబ్బు పంపకపోతే కన్జ్యూమర్ కోర్టుకెళ్తా అంటున్నారు. ఇంకొకావిడ వాళ్ళ అమ్మమ్మ చీర ఇచ్చి గౌను కుట్టించుకుని, కూలి ఇవ్వకుండా గౌను ఇచ్చేయమంటున్నారు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఇచ్ఛాపురం సంగతి చూద్దాం. అడ్వాన్స్ తీసుకోకముందు ఆ బట్ట గురించి మీరు ఆవిడకి ఏం చెప్పారు, ఏం చూపించారు, కేసంతా దాని మీదే నిలబడుతుంది. పాత చీర అని చెప్పి, అంచు దగ్గరి నుంచి ఫోటో తీసి పంపి, మరక ఎక్కడుందో చూపించి, ఆవిడ సరే అన్నాక కుట్టారనుకోండి, ఇప్పుడు నచ్చలేదనడం మనసు మార్చుకోవడమే, కొలతలిచ్చి కుట్టించుకున్న బట్టని ఊరికే వద్దని తిప్పి పంపే హక్కు మన చట్టంలో లేదు. అలాగని 4,000 మొత్తం మింగేయొచ్చా అంటే అదీ కాదు, కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ప్రకారం మీకు దక్కేది న్యాయమైన నష్టపరిహారమే, ఆ లంగా వేరేవాళ్ళకి అమ్మగలిగితే ఆ మేరకు మీ నష్టం తగ్గినట్టే.

మరక సంగతి చెప్పకుండా కుట్టేసి ఉంటే మాత్రం అది లోపమే, బిల్లు మీద ‘తిరిగి తీసుకోబడదు’ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా ఆ లోపాన్ని కాపాడదు. 2019 కన్జ్యూమర్ చట్టం 2(47) చదవండి, లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోతే అది అన్యాయ వ్యాపారం, బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల్లోపు ఇవ్వాలి, బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్‌లో ఉంది. కాబట్టి ఇంట్లో కుట్టేవాళ్ళైనా సరే ఒక కాగితం మీద బట్ట పాతదో కాదో, ఎక్కడ చిరిగిందో, మడతల దగ్గర పట్టు ఎంత పలచబడిందో రాసి సంతకం పెట్టించుకోండి. జరీ గురించి ఇంకా జాగ్రత్త, పాత జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత అని జనం నమ్ముతారు, రాగి తీగదీ ప్లాస్టిక్‌దీ కూడా పాతబడితే అలాగే కనిపిస్తుంది, పరీక్ష చేయించకుండా వెండి జరీ అని నోటితో అనొద్దు. బరంపురం పట్టుకి జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుకే ఆ పేరు వాడాలనే చట్టబద్ధమైన గుర్తింపు ఉంది, ఎక్కడో నేసిన చీరని ఆ పేరుతో అమ్మొద్దు.

ఆవిడ కేసు వేస్తే శ్రీకాకుళంలోనే వేయొచ్చు, 2019 చట్టం వచ్చాక కొన్నవాళ్ళు ఉండే జిల్లాలోనే వేసే వీలుంది. 5 లక్షల లోపు దానికి ఫీజు కూడా లేదు, రెండేళ్ళ టైమ్ ఉంటుంది. నోటీసు వస్తే అది ఆంధ్రాది కదా అని పక్కన పడేయకండమ్మా, జవాబుకి 30 రోజులు, కన్జ్యూమర్ కమిషన్ (కన్జ్యూమర్ కోర్టంటే అదే) ఒప్పుకుంటే ఇంకో 15, అంతే, 45 రోజులు దాటితే తీసుకోకూడదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది. ఈలోపు వాట్సాప్ మెసేజ్‌లు, ఫోటోలు ఒక్కటీ డిలీట్ చేయకండి.

ఇక అమ్మమ్మ చీర. ఇక్కడ చట్టం మీ వైపే ఉంది. మనం ఇచ్చిన వస్తువు మీద పని చేసినవాళ్ళు కూలి అందేదాకా దాన్ని అట్టే పెట్టుకోవచ్చని 1872 కాంట్రాక్ట్ చట్టం 170వ సెక్షన్ చెబుతోంది, దాని ఉదాహరణల్లో దర్జీ గురించే ఉంది కూడా. ఆ ఉదాహరణలోనే మెలిక ఉంది చూడండి, కుట్టగానే ఇస్తాను, డబ్బు మూడు నెలల తర్వాత ఇవ్వండి అని దర్జీ ఒప్పుకుంటే మాత్రం కోటు ఆపే హక్కు పోతుంది. మీరు అప్పు పెట్టకపోతే గౌను ఆపుకోవచ్చు, వేరేవాళ్ళకి అమ్మడం, అద్దెకివ్వడం కుదరదు, జాగ్రత్తగా దాచాలి. కూలి రాగానే మిగిలిన ముక్కలు, కత్తిరించిన జరీ అంచులతో సహా ఇచ్చేయండి, అవి ఆవిడవే. పాత జరీ ముక్క అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయని చాలామంది టైలర్లు దాచేసుకుంటారు, నాకది చాలా తప్పనిపిస్తుంది, వాళ్ళ అమ్మమ్మ చీర అది.

అయినా కూలి రాకపోతే మీరు కన్జ్యూమర్ కమిషన్‌కి వెళ్ళలేరు, అది కొన్నవాళ్ళ కోసం. బరంపురంలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి సంపాదన ఎంతున్నా లాయరు ఉచితం. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కి పిలిపించమని అక్కడ అర్జీ పెట్టండి, మీ రెండు గొడవలూ అక్కడికే తీసుకెళ్ళొచ్చు.