టెక్ సందేహాలు: రొయ్యల గుంటకు 99.9 శాతం గ్యారంటీ చాలా?

ప్రశ్న: సార్, మాది ఇందుకూరుపేట దగ్గర. రొయ్యల గుంటల్లో ఆక్సిజన్ సెన్సర్లు పెట్టించాం. రీడింగులు క్లౌడ్ సర్వర్‌కు వెళ్తాయి. 4 పీపీఎం కంటే తగ్గితే ఫోన్‌లో అలారం మోగుతుంది. పెట్టినవాళ్లు 99.9 శాతం గ్యారంటీ అంటున్నారు. దాన్ని నమ్ముకుని రాత్రి కాపలా మనిషిని మాన్పించవచ్చా?

జవాబు: దయచేసి మాన్పించకండి. 30 రోజుల నెలలో 43 నిమిషాలు సర్వర్ ఆగినా 99.9 శాతం మాట నిలబెట్టుకున్నట్టే లెక్క. ఆ 43 నిమిషాలు ఎప్పుడు వస్తాయో ఎవరూ ముందు చెప్పరు. మధ్యాహ్నం వస్తే మీకు తెలియను కూడా తెలియదు. కానీ గుంటలో ఆక్సిజన్ అట్టడుగుకు పడేది తెల్లవారుజామున. రాత్రంతా నీళ్లలోని నాచు, రొయ్యలు, అడుగు మట్టి అన్నీ ఆక్సిజన్ పీల్చేస్తాయి, ఎండ వస్తేగానీ తిరిగి పుట్టదు. సరిగ్గా ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ట్రిప్పయి, సర్వర్ కూడా ఆగితే మిమ్మల్ని లేపేవాళ్లు ఉండరు.

ఇంకో విషయం. ఆ 99.9 ఎవరి గ్యారంటీ? సెన్సర్ కంపెనీదా, వాళ్లు అద్దెకు తీసుకున్న క్లౌడ్ కంపెనీదా? దీన్ని ఎస్‌ఎల్‌ఏ (సర్వీస్ లెవెల్ అగ్రిమెంట్) అంటారు, కాగితం మీద ఉంటుంది, అడిగి తీసుకుని చదవండి. ఉదాహరణకు అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో అద్దెకు తీసుకునే ఒక్క ఈసీ2 సర్వర్ మీద ఇచ్చే మాట 99.5 శాతమే. అంటే నెలకు 3 గంటల 36 నిమిషాలు ఆగినా తప్పు లేదు. 99.99 శాతం మాట వేరే ఉంది, కానీ అది ఒకే రీజియన్‌లో (ఒక ప్రాంతంలోని డేటా సెంటర్ల గుంపు) రెండు వేర్వేరు జోన్లలో (ఆ గుంపులోని విడివిడి భాగాలు) సర్వర్లు పెట్టుకున్నవాళ్లకే.

సరే, మాట తప్పారనుకుందాం. ఆ ఒక్క సర్వర్ నెలలో 99.5 కంటే తగ్గి, 99 శాతానికి పైన ఉంటే బిల్లులో 10 శాతం క్రెడిట్ ఇస్తారు. సర్వర్ బిల్లు 2,000 రూపాయలైతే 200 రూపాయలు. అదీ చేతికి రాదు, రాబోయే బిల్లులో తగ్గిస్తారు. మీరే క్లెయిమ్ పెట్టుకోవాలి, దానికీ గడువుంది. చచ్చిపోయిన రొయ్యల సంగతి ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. మీ ఇంటర్నెట్ పోయినా, మీ పరికరం పాడైనా వాళ్ల లెక్కలోకే రాదు.

మీ అలారం ఫోన్‌కు చేరాలంటే గుంట దగ్గర సిమ్, ఇంటర్నెట్, సర్వర్, మెసేజ్ పంపే సర్వీసు నాలుగూ ఒకేసారి పనిచేయాలి. ఒక్కొక్కటి 99.5 శాతం పనిచేస్తుందనుకున్నా, నాలుగూ కలిపితే 98 శాతమే. నెలకు 14 గంటల పైమాటే.

అందుకే క్లౌడ్ ప్లాన్ పెంచడానికి పెట్టే డబ్బు ముందు గట్టు మీద పెట్టండి. రీడింగ్ తగ్గగానే ఇంటర్నెట్‌తో పని లేకుండా అక్కడికక్కడే సైరన్ మోగించే కంట్రోలర్ కావాలి, దానికి బ్యాటరీ బ్యాకప్ కావాలి. ఏరేటర్ల కరెంటు పోయినా అదే సైరన్ మోగాలి. క్లౌడ్‌లో రికార్డులు, గ్రాఫులు ఉండనివ్వండి, మేత, నీటి మార్పిడి లెక్కలకు బాగా పనికొస్తాయి. కంపెనీవాళ్లను ఇంకొకటి కూడా అడగండి. పది నిమిషాలు రీడింగ్ రాకపోతే దాన్నీ ప్రమాదంగానే లెక్కగట్టి ఫోన్ చేయాలి. ఆ కాల్ వేరే కంపెనీ సర్వర్ నుంచి రావాలి. చాలా యాప్‌లు డేటా ఆగిపోయినా చివరి రీడింగ్‌నే పచ్చరంగులో చూపిస్తూ ఉంటాయి. మీ యాప్‌లో రీడింగ్ పక్కన టైం కనిపిస్తోందా? ఈ రాత్రే చూడండి.

సర్వర్ ఏ రీజియన్‌లో ఉందో కూడా కనుక్కోండి. ఏడబ్ల్యూఎస్‌కు 2016 నుంచి ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో రీజియన్లున్నా, మొదట కనిపించిన అమెరికా వర్జీనియానే ఎంచుకుని వదిలేసేవాళ్లున్నారు. 2025 అక్టోబర్ 20న అక్కడ డైనమోడీబీ అనే డేటాబేస్ సర్వీసు డీఎన్‌ఎస్‌లో (పేరును బట్టి సర్వర్ అడ్రసు చెప్పే వ్యవస్థ) తప్పు దొర్లి, ప్రపంచమంతా ఎన్నో యాప్‌లు గంటల తరబడి పడిపోయాయి. నెల్లూరు గుంటల అలారం అంత దూరం వెళ్లి రావాల్సిన పని లేదు.

ప్రశ్న: ఒంగోలులో మేం నలుగురం కోచింగ్ సెంటర్ల కోసం టెస్టుల యాప్ నడుపుతున్నాం. సెలవుల్లో వాడకం లేక ఏడబ్ల్యూఎస్ సర్వర్ స్టాప్ చేశాం. అయినా కార్డు నుంచి డబ్బు కట్ అవుతూనే ఉంది. ఎందుకు?

జవాబు: స్టాప్ చేస్తే సర్వర్ గంటల లెక్క మాత్రమే ఆగుతుంది. పొగాకు బేళ్లు లోపలే ఉంచి గోడౌన్‌కు తాళం వేస్తే అద్దె ఆగదు కదా. మీ డిస్క్ అలాగే ఉంది, దానికి జీబీల లెక్కన కడుతున్నారు. ఎలాస్టిక్ ఐపీ (సర్వర్‌కు మారని ఇంటర్నెట్ అడ్రసు) తీసుకుని ఉంటే వాడినా వాడకపోయినా గంటకు 0.005 డాలర్, నెలకు 3.60 డాలర్లు. ఈ పద్ధతి 2024 ఫిబ్రవరి నుంచి వచ్చింది. పాత స్నాప్‌షాట్లు (డిస్క్ బ్యాకప్ కాపీలు), రద్దీని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, లోపలి సర్వర్లను ఇంటర్నెట్‌కు కలిపే నాట్ గేట్‌వే ఉంటే అవీ మీటర్ తిప్పుతూనే ఉంటాయి. వీటన్నిటి మీద 18 శాతం జీఎస్టీ.

నా అనుమానం మాత్రం డేటాబేస్ మీద. ఏడబ్ల్యూఎస్ వాళ్ల డేటాబేస్ సర్వీసు ఆర్‌డీఎస్‌లో డేటాబేస్‌ను స్టాప్ చేసినా 7 రోజులకు దానంతట అదే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇది తెలియక సెలవులన్నీ బిల్లు కట్టినవాళ్లు చాలామంది. స్నాప్‌షాట్ తీసి, దాంతో ఒకసారి డేటాబేస్ తిరిగి లేపి చూసుకుని, ఆ తర్వాతే పాత డేటాబేస్, లేపి చూసుకున్న డేటాబేస్ రెండూ డిలీట్ చేయండి. స్నాప్‌షాట్ ఉంచుకుంటే చాలు. బిల్స్ పేజీ తెరిచి రీజియన్ వారీగా చూడండి, ఎప్పుడో ట్రయల్ కోసం వేరే రీజియన్‌లో పెట్టినవి బయటపడతాయి. బడ్జెట్ అలర్ట్ కూడా పెట్టుకోండి. కానీ అలర్ట్ మెయిల్ పంపుతుందంతే, మీరు విడిగా సెట్ చేస్తే తప్ప దేన్నీ ఆపదు. బిల్లు లెక్క కూడా కొన్ని గంటలు ఆలస్యంగా అప్‌డేట్ అవుతుంది. అందుకని మీరు భరించగలిగే మొత్తంలో సగానికే మొదటి అలర్ట్ పెట్టండి.

ప్రశ్న: చీమకుర్తిలో మాది గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో పెట్టాం. మూడేళ్ల ప్లాన్ తీసుకుంటే 72 శాతం తగ్గుతుందని డీలర్ అంటున్నాడు.

జవాబు: 72 శాతం 'వరకు' అండీ, అందరికీ అంత రాదు. పైగా వాడకం తగ్గినా మూడేళ్లూ కట్టాల్సిందే. మీ ఆఫీసు రోజుకు 10 గంటలు, నెలకు 26 రోజులు నడుస్తుందనుకుంటే 260 గంటలు. సర్వర్ 720 గంటలు తిరుగుతోంది. రాత్రిపూట, ఆదివారాలు ఆపేలా షెడ్యూల్ పెట్టించండి, ఏ ఒప్పందమూ లేకుండా సర్వర్ గంటల ఖర్చు ఇప్పటి దాంట్లో మూడో వంతుకు కాస్త పైకి దిగివస్తుంది. రెండు నెలలు అలా నడిపి, వచ్చిన బిల్లు కాపీతో మళ్లీ రాయండి. ఏడాది ప్లాన్ అవసరమో కాదో అప్పుడు లెక్క వేద్దాం.