మహబూబ్‌నగర్ జనాభాకు మూడు లెక్కలు, మూడూ కరెక్టే

ఈ నెల వచ్చిన ప్రశ్నల్ల సగం పైన ఒకే గోల, నెట్ల ఏది చదవాలె, ఏది నమ్మాలె అని. అందుకే వంటలు, ఆరోగ్యం అన్నీ వచ్చే నెలకు జరిపి ఈసారి చదువుకునే పిల్లలకే పేజీ ఇచ్చేసిన.

ప్రశ్న: అక్కా, నేను నాగర్‌కర్నూల్‌ల రూమ్ తీస్కొని గ్రూప్స్‌కి చదువుతున్న. తెలంగాణ విస్తీర్ణం ఒక సైట్‌ల 1,14,840 చదరపు కిలోమీటర్లు అని ఉంది, ఇంకో దాంట్ల 1,12,077 అని ఉంది. మహబూబ్‌నగర్ జనాభా అయితే మరీ ఘోరం, 40 లక్షలు, 14 లక్షలు, 9 లక్షలు ఇట్ల మూడు ఉన్నయి. మాక్ టెస్టుల ఏది పెట్టినా తప్పే వస్తుంది. ఏ సైట్ నమ్మాలె?

జవాబు: తమ్మీ, సైట్లు తప్పు చెప్తలేవు, తేదీ చెప్తలేవు, అదే అసలు లొల్లి. 1,14,840 అనేది ఖమ్మం జిల్లా మండలాలు పోలవరం ముంపు కోసం ఏపీకి పోకముందు లెక్క, 1,12,077 అనేది పోయినంక లెక్క, అదంతా 2014లనే అయిపోయింది కాబట్టి ఇప్పుడు రాయాల్సింది 1,12,077. అట్లనే 2011 జనాభా కూడా ఆ మండలాలు తీసేసినంక సుమారు 3 కోట్ల 50 లక్షలు.

ఇగ మన పాలమూరు, అదే మహబూబ్‌నగర్ సంగతి. 2011 సెన్సస్ నాటికి ఉమ్మడి జిల్లా జనాభా 40.53 లక్షలు, విస్తీర్ణం 18,432 చదరపు కిలోమీటర్లు, పది జిల్లాలున్నప్పుడు తెలంగాణల అన్నిటికంటె పెద్ద జిల్లా మనదే. 2016 అక్టోబర్ 11న జిల్లాలు 31 అయినయి, అప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల విడిపోయినయి, షాద్‌నగర్, ఆమనగల్లు దిక్కు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ దిక్కువి వికారాబాద్‌కు పోయినయి, మిగిలిన మహబూబ్‌నగర్ జనాభా 14.87 లక్షలు. మళ్ల 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా అయింది, దాంతో పాటు 5.67 లక్షల మంది అటు పోయిన్రు, మనకు మిగిలింది 9.20 లక్షలు. చూసినవా, మూడు లెక్కలూ అదే 2011 సెన్సస్ నుంచి వచ్చినయే, హద్దులే మారినయి. 2021ల జరగాల్సిన సెన్సస్ అప్పుడు జరగలే కాబట్టి ఎవడు ఏ నంబర్ చెప్పినా దాని మూలం 2011ల్నే ఉంటది, "2021 సెన్సస్ ప్రకారం" అని ఏ యాప్‌ల అన్నా కనపడితే ఆ యాప్ ఫోన్ల నుంచి తీసెయ్యి.

మూలం ఏడ దొరుకుతది అంటే సెన్సస్ ఆఫ్ ఇండియా సైట్‌ల డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అని ఉంటది, పీడీఎఫ్ ఫ్రీ. వెతికేటప్పుడు తెలంగాణ అని కొడితే మహబూబ్‌నగర్ రాదు, 2011ల మనం ఆంధ్రప్రదేశ్ కదా, అందుకే ఆంధ్రప్రదేశ్ కింద వెతకాలె, శానా మంది ఇక్కడ్నే ఆగిపోయి మళ్ల కోచింగ్ వాళ్ల పీడీఎఫ్‌లకే పోతరు. దాంట్ల ఏ, బీ అని రెండు భాగాలుంటయి. ఏ భాగంల ఊరూరి లెక్క ఉంటది, స్కూల్ ఉందా, ఆస్పత్రి ఉందా, తాగే నీళ్లు ఎట్ల, సాగు భూమి ఎంత అని. ముందు మీ ఊరు తీసి చూడు, నీకు తెలిసిన ఊరి లెక్క చదివితేనే ఆ టేబుళ్లు ఎట్ల చదవాలెనో అలవాటయితది. కొత్త జిల్లాల లెక్కలకైతే రాష్ట్ర ప్రభుత్వం ఏటా బడ్జెట్ టైంల ఇచ్చే సోషియో ఎకనమిక్ అవుట్‌లుక్ చాలు, ఎగ్జామ్‌కి అదే బలం.

ప్రశ్న: అక్కా, మాది మిర్యాలగూడ, ఇంటర్ సీఈసీ. సివిక్స్ గైడ్లల్ల ఆర్టికల్ నంబర్లు, ఒక్క లైన్ మీనింగ్ తప్ప ఏమీ ఉండదు. అసలు రాజ్యాంగం తెలుగుల ఎక్కడన్నా చదవొచ్చా?

జవాబు: చదవొచ్చు చెల్లె, కేంద్ర న్యాయశాఖ లెజిస్లేటివ్ డిపార్ట్‌మెంట్ సైట్‌ల తెలుగు ప్రతి పీడీఎఫ్ ఉంది, కాకపోతే "భారత సంవిధానము" అనే పేరుతోటి ఉంటది, భాష కూడా మన తాతలు కోర్టు కాయితం చదివినట్టుంటది, భయపడకు. పక్కన ఇంగ్లిష్ ప్రతి పెట్టుకొని చదువు. చట్టాలకైతే ఇండియా కోడ్ సైట్, కేంద్రం చట్టాలు, రాష్ట్రాల చట్టాలు రెండూ ఉంటయి, సవరణలు కలిపిన పాఠం దొరుకుతది. కొత్త బిల్లు ఏమన్నా పార్లమెంటుల పెడితే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్ల సమ్మరీ చదువు, ఎవరి పార్టీ గొడవా లేకుండ రాస్తరు.

ఒక ఆర్టికల్ పట్టుకొని ఎట్ల చదవాలెనో చెప్తా. 371డి తీసుకో. గైడ్ల "ఏపీ, తెలంగాణకు ప్రత్యేక నిబంధనలు" అని ఒక ముక్క రాసి వదిలేస్తరు. ఇండియా కోడ్‌ల తీసి చూస్తే కింద ఫుట్‌నోట్ ఉంటది, 32వ సవరణ, 1973, అమలు 1974 జులై 1 నుంచి. 1973 ఎందుకు? 1969 తెలంగాణ ఉద్యమం, తర్వాత జై ఆంధ్ర ఉద్యమం, ఆరు సూత్రాల పథకం, ఆ వరుసల వచ్చింది. తర్వాత 2014 విభజన చట్టం వచ్చి అదే ఆర్టికల్‌ల తెలంగాణ పేరు కూడా చేర్చింది. ఆ ఆర్టికల్ కిందనే 2018ల రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది, సర్కారు కొలువుల భర్తీ కోసం మనకు రెండు మల్టీ జోన్లు, ఏడు జోన్లు, మీ నల్గొండ యాదాద్రి జోన్ల పడ్డది, పాలమూరు జిల్లాలు జోగులాంబ జోన్ల పడ్డయి. రేపు మీ అన్న టీచర్ పోస్టుకు అప్లై చేస్తే లోకల్, నాన్ లోకల్ అని తేల్చేది ఇదే. గిది ఒక్కటి మూలంల చదివితే చరిత్ర, పాలిటీ, జాబ్ నోటిఫికేషన్ మూడూ ఒక్క దెబ్బకు వచ్చేస్తయి, గైడ్ల ముక్క బట్టీ పడితే ఏదీ రాదు.

ఇంకా ఓపిక ఉంటే రాజ్యాంగ సభ చర్చలు, 1946 డిసెంబర్ 9 నుంచి మొదలైనయి, అన్నీ నెట్ల ఉన్నయి, పదం కొట్టి వెతకొచ్చు. 1949 నవంబర్ 25 నాటి అంబేడ్కర్ ప్రసంగం అయితే ఇంటర్ పిల్లలకు కూడా సులువుగ అర్థమైతది.

ప్రశ్న: నమస్తే మేడం, నేను దేవరకొండ దిక్కు సర్కారు హైస్కూల్‌ల సైన్స్ టీచర్‌ని. సైన్స్ ఫెయిర్‌కి పిల్లలు ఫ్లోరైడ్ మీద ప్రాజెక్ట్ చేస్తున్నరు, యూట్యూబ్ చూసి రాసుకొస్తున్నరు, సగం తప్పులే. నమ్మకంగ చూడగలిగేవి చెప్పండి.

జవాబు: సార్, మంచి టాపిక్ పట్టిన్రు, ప్రపంచంల నీళ్ల గురించి చదివేటోళ్లందరికీ మన నల్గొండ జిల్లా పేరు తెలిసింది దీని వల్లనే, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసేటందుకు "నల్గొండ టెక్నిక్" అని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారు చేసిన పద్ధతి పాఠ్యపుస్తకాల్ల కెక్కింది. పిల్లలకు ముందు ఆ పద్ధతి చూపించండి. నీళ్లల్ల కొంచెం సున్నం, తర్వాత పటిక, క్రిములకు బ్లీచింగ్ పౌడర్. మెల్లగ కలుపుతుంటే తెల్లటి దూది తుంపల్లెక్క వస్తది, అది అల్యూమినియం హైడ్రాక్సైడ్, ఫ్లోరైడ్ దానికి అతుక్కొని కిందికి దిగుతది, అడుగుకు కొంచెం పైన కుళాయి ఉన్న బకెట్ నుంచి పైన తేటనీళ్లు తీసుకోవాలె. పటిక, సున్నం కిరాణంల దొరికేటివే, తుంపలు ఎట్ల వస్తయో క్లాస్‌ల చూపించొచ్చు గానీ ఆ నీళ్లు మాత్రం తాగనియ్యొద్దు. పటిక ఎక్కువైతే నీళ్లల్ల అల్యూమినియం మిగులుతది, అడుగున బురద ఏం చేయాలెనో తెలియదు, ఈ లోపాలు కూడా ప్రాజెక్టుల రాయమనండి, జడ్జీలు అడిగేది అదే.

నంబర్లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 చూడండి, బీఐఎస్ ప్రమాణాలు ఆన్‌లైన్‌ల ఉంటయి. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఓకే, వేరే నీళ్లు లేకుంటే 1.5 దాకా. ఎందుకు మన దగ్గరనే ఎక్కువ అనేదానికి సెంట్రల్ గ్రౌండ్ వాటర్ బోర్డు వాళ్ల జిల్లా రిపోర్టులు మంచిగుంటయి, మనది గ్రానైట్ నేల, ఆ రాళ్లల్ల ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాలుంటయి, బోరు లోతుకు పోయిన కొద్దీ నీళ్లు ఆ రాళ్లతోటి ఎక్కువ కాలం నానుతయి. ఇంకో ముచ్చట, నీళ్లల్ల కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితోటి కలిసి గట్టిపడి దిగిపోతది, అందుకే ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లల్ల కాల్షియం తక్కువుంటది. పదో తరగతి పిల్లలు ఇది సొంతంగ చెప్తే ప్రైజ్ వచ్చినట్టే. ల్యాబ్ సామాన్లు లేకుంటే కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అమృత, సీడాక్ వాళ్ల ఓల్యాబ్స్ ఉన్నయి, రెండూ ఫ్రీ.

ప్రశ్న: పిల్లలమర్రి గురించి డిగ్రీ హిస్టరీ ప్రాజెక్ట్ చేయాలె అక్కా. గూగుల్‌ల కొడితే మొత్తం మర్రిచెట్టే వస్తుంది. – సూర్యాపేట

జవాబు: వస్తది, మహబూబ్‌నగర్ పక్కన ఉన్నది మర్రిచెట్టు, మీ సూర్యాపేట పక్కన ఉన్నది కాకతీయుల సామంతులు రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు. "పిల్లలమర్రి రేచర్ల శాసనం" అని కొట్టు. నల్గొండ జిల్లా శాసనాల సంపుటాలున్నయి, ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌ల, నేషనల్ డిజిటల్ లైబ్రరీల వెతుకు. 1908-09ల అచ్చయిన ఇంపీరియల్ గెజిటీర్ మొత్తం షికాగో యూనివర్సిటీ వాళ్ల సైట్‌ల ఉంది, అప్పటి నల్గొండ ఎట్లుండెనో కొన్ని పేజీలల్ల చెప్తది, కానీ అది ఇంగ్లిష్ దొరల చూపు అని గుర్తుంచుకో. పాత పుస్తకాల్ల జిల్లా హద్దులు కూడా వేరే, కడవెండి మొన్నటిదాకా వరంగల్, ఇప్పుడు జనగామ జిల్లా, 1946ల తెలంగాణ సాయుధ పోరాటం తొలి అమరుడు దొడ్డి కొమురయ్య అక్కడ చనిపోయిన నాటికి నల్గొండల ఉండె. జిల్లా పేరుతోటి వెతికి దొరకలేదని వదిలెయ్యకు.

ప్రశ్న: గద్వాల నుంచి. జాగ్రఫీకి మంచి మ్యాపులు?

జవాబు: సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌ల రిజిస్టర్ చేసుకుంటే 1:50,000 స్కేల్ ఓపెన్ సిరీస్ టోపో షీట్లు ఫ్రీ. పాత నంబరింగ్‌ల గద్వాల 56 హెచ్‌ల వస్తది. మహబూబ్‌నగర్ టౌన్ దాదాపు 78 డిగ్రీల రేఖాంశం మీద, అంటే షీట్ అంచుల ఉంటది కాబట్టి వాళ్లు పక్క షీట్ కూడా తీసుకోవాలె. శాటిలైట్ ఫోటోలకు మన హైదరాబాద్ బాలానగర్‌ల ఉన్న ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ సైట్. ముందు కృష్ణ మన రాష్ట్రంల అడుగుపెట్టే తంగడి దగ్గర భీమ కలిసేది చూడు, తర్వాత జూరాల, తర్వాత అలంపురం దగ్గర తుంగభద్ర కలిసేది, చివరికి వాడపల్లి దగ్గర మూసీ. వేలు పెట్టి నది వెంబడి పోతే చాలు, ఉపనదుల ప్రశ్న మళ్ల తప్పు పోదు.

ప్రశ్న: టెలిగ్రామ్‌ల వందల పీడీఎఫ్‌లు సేవ్ చేసుకున్న అక్కా, ఎక్కడ మొదలు పెట్టాలె? ఏఐని అడిగితే సరిపోదా?

జవాబు: అన్నీ డిలీట్ చెయ్యి. ఎస్‌సీఈఆర్‌టీ తెలంగాణ సైట్‌ల ఎనిమిది నుంచి పది దాకా సోషల్ పుస్తకాలు తెలుగుల ఉన్నయి, తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ. ఏఐని అర్థం కాని ముక్క విడమరిచి చెప్పమని అడుగు, తేదీలు, ఆర్టికల్ నంబర్లు మాత్రం అడగకు, అడిగినా పైన చెప్పిన చోట చూసుకున్నంకనే నోట్స్‌ల రాయి.