సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంటే చారిటీ అయినట్టేనా?

మీరు అడిగింది ఇదీ: కూకట్‌పల్లిలో మా కుల సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించాం, రెండేళ్లుగా పేద పిల్లల ఫీజులు కడుతున్నాం. ఇది చట్టప్రకారం చారిటీయేనా, 80జీ రసీదులు (దాతకు పన్ను మినహాయింపు తెచ్చేవి) ఇవ్వొచ్చా, అమెరికాలో ఉన్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవచ్చా?

ఇప్పటికైతే కాదండీ. ఏడుగురు సభ్యులు, మెమొరాండం (ఆశయాల పత్రం), బైలాస్ (నియమావళి) ఉంటే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేసేస్తారు. కాలనీ వెల్ఫేర్ అసోసియేషన్‌కూ, క్రికెట్ క్లబ్బుకూ ఇచ్చేది అదే సర్టిఫికెట్. దాంతో మీ సంఘానికి చట్టంలో ఒక ఉనికి వచ్చింది, బ్యాంకు ఖాతా వచ్చింది, అంతే. చారిటీ అవునో కాదో తేల్చేది ఆదాయపు పన్ను శాఖ. (2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారాయి. ఆడిటర్లు ఇంకా పాత నంబర్లతోనే మాట్లాడుతున్నారు కాబట్టి నేనూ అవే రాస్తున్నాను. అప్లికేషన్ పెట్టే ముందు పోర్టల్‌లో కొత్త నంబరు చూసుకోండి.)

పాత ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 2(15) ప్రకారం పేదల సహాయం, చదువు, వైద్యం, యోగా, పర్యావరణ రక్షణ, చారిత్రక కట్టడాల సంరక్షణ ధర్మకార్యాలే. వీటిలో దేనికిందా రాని ప్రజోపయోగ పనులకు మాత్రం ఒక షరతుంది: వ్యాపారం లాంటి పనుల మీద వచ్చేది మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. మీది పేదల సహాయం, చదువు. కాబట్టి ఆ గొడవ మీకు లేదు.

మీ చిక్కల్లా 'కుల సంఘం' అన్న మాటతోనే. బైలాస్‌లో 'మా కులానికి చెందిన పేద విద్యార్థులకు' అని ఉంటే సెక్షన్ 13 కింద పన్ను మినహాయింపు పోతుంది, 80జీ కూడా రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లల కోసం పెట్టిన సంస్థలను మాత్రం చట్టం కుల సంస్థలుగా లెక్కించదు. మీరు ఆ జాబితాలో లేకపోతే 'కులమత భేదం లేకుండా పేద విద్యార్థులకు' అని మార్చి, జనరల్ బాడీలో ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించండి. కాగితం మీద మార్చి, ఫీజులు మాత్రం మనవాళ్లకే కడితే లాభం లేదు. అధికారి అడిగేది లబ్ధిదారుల జాబితానే, అందులో ఇంటిపేర్లు చూస్తే ఎవరికైనా అర్థమైపోతుంది.

అదే తీర్మానంలో ఈ వాక్యం కూడా చేర్చండి: 'సంస్థ రద్దయితే మిగిలిన ఆస్తి ఇవే ఆశయాలున్న, 12ఏబీ రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థకు చెందుతుంది, సభ్యులకు పంచరాదు.' (12ఏబీ అంటే చారిటీగా పన్ను మినహాయింపు కోసం ఆదాయపు పన్ను శాఖ దగ్గర చేయించుకునే రిజిస్ట్రేషన్.) నా అనుభవంలో ఎక్కువ ఫైళ్లు ఆగేది ఈ వాక్యం లేకే. అధ్యక్షుడి ఇంట్లో ఆఫీసు పెట్టి మార్కెట్ రేటు కన్నా ఎక్కువ అద్దె ఇవ్వడం, కార్యదర్శి తమ్ముడికి పనిలేని జీతం ఇవ్వడం లాంటివీ సెక్షన్ 13 కిందకే వస్తాయి.

తర్వాత 12ఏబీ. ఇక్కడ చాలామంది ఫారం 10ఏ పెట్టి పొరపాటు చేస్తారు. అది ఇంకా పని మొదలుపెట్టనివాళ్లకు, మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ కోసం. మీరు ఇప్పటికే ఫీజులు కడుతున్నారు, ఇంతవరకు మినహాయింపు తీసుకోలేదు కాబట్టి నేరుగా 10ఏబీ పెట్టాలి. అది అయిదేళ్లకు వస్తుంది. పాన్, బైలాస్, లెక్కలు, చేసిన పనుల నోట్ సిద్ధం చేసుకోండి. ఫీజు రసీదులు పిల్లవాడి పేరుతో, కాలేజీ ఖాతాకు పంపిన ట్రాన్స్‌ఫర్‌తో సరిపోలాలి. తండ్రి చేతికి నగదు ఇచ్చి సంతకం తీసుకున్న కాగితం బలహీనమైన సాక్ష్యం.

ధర్మసంస్థలు దేవాదాయ శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలనే ఎండోమెంట్స్ చట్టం (1987) సెక్షన్ 43 సంగతి ఇక్కడ చాలామందికి గుర్తుండదు. న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో 2022 అక్టోబరు 19న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అప్పీళ్ల మీదే. విద్యాసంస్థలకు పన్ను అనుమతి ఇచ్చేటప్పుడు ఈ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అధికారి చూడొచ్చని అందులో తేల్చారు. ఇది మీకు వర్తిస్తుందో లేదో ముందే లాయర్‌కు చూపించుకోండి.

80జీకి విడిగా అప్లై చేయాలి. రెండు వేలు మించిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అసలే రాదు, ఈ ముక్క వాళ్లకు ముందే చెప్పండి. ఏటా మే 31లోగా విరాళాల వివరాలు ఫారం 10బీడీలో పెట్టకపోతే రోజుకు 200 రూపాయలు పడుతుంది.

అమెరికా డబ్బు దగ్గర చూడాల్సింది ఆ మనిషి ఎక్కడ ఉంటున్నాడన్నది కాదు, ఏ పాస్‌పోర్టు అన్నది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై, గ్రీన్ కార్డు ఉన్నా సరే, తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ కావాలి. మామూలుగా దానికి సంస్థ పుట్టి మూడేళ్లయి ఉండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. అందుకని ఖాతా నంబరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. ముందు పాస్‌పోర్టు కాపీ తెప్పించుకుని, ఆ తర్వాతే విడిగా పంపండి.